సంవాద సమితిలో తొలి ప్రశ్న

ముందు చప్పట్లు వినిపిస్తాయి.

హాలు కనబడక ముందే, వేదిక కనబడక ముందే, కవి కనబడక ముందే, మెట్ల మీదనే చప్పట్లు వినిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు మంచి కవితేదో తప్పిపోయిందని కంగారుపడి గబగబా పైకి ఎక్కుతారు. తీరా ఎక్కి చూస్తే కవి ఇంకా కళ్లజోడు తుడుచుకుంటూ ఉంటాడు. సిద్దిపేట సంవాద సాహితీ సమితిలో చప్పట్లు కవితకు ముందే కొడతారు. తరువాత కొడితే, విన్నాక కొట్టారేమోనన్న అనుమానం కలుగుతుంది. అటువంటి అనుమానాలకు తావివ్వకపోవడమే ఈ సంస్థ గొప్పతనం.

సమితిని స్థాపించినవాడు హరికిషన్. కింద ఆయన బట్టల దుకాణం, పైన సమితి హాలు. దుకాణంలో గొల్లభామ చీరలు, హాలులో కవులు. కింద మడతపెట్టిన శాలువా పైకి వెళ్లి ఒక మెడ మీద కాసేపు వాలి, ఆ మెడ మరో సభలో మరో మెడకు కప్పగా, ఊరంతా తిరిగి చివరకు ఏ దసరాకో మళ్లీ ఇదే హాలుకు చేరుకుంటుంది. శాలువా చేసినంత సాహిత్య యాత్ర ఈ ఊళ్లో ఏ పుస్తకమూ చేయలేదు.

సమితికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. పుస్తకం చదివినవారు నలుగురు ఒకచోట కూర్చోవాలి. ఒకరు అవునంటే ఒకరు కాదనాలి. ఆ అవునుకూ కాదుకూ నడుమ ఊరి ఆలోచన ఎదగాలి. మొదటి ఆహ్వానపత్రిక మీద ఈ వాక్యాలే అచ్చువేశారు. ఆ పత్రిక ఇప్పుడు హాలు గోడ మీద అద్దం చట్రంలో ఉంది. చట్రంలో ఉన్నదానితో ఎవరు మాత్రం వాదిస్తారు?

అయితే సమితిలో విమర్శ లేదనడం అన్యాయం. విమర్శ ఉంది, నిష్కర్షగా ఉంది. దానికొక పద్ధతి ఉంది, అంతే. పొగడ్త పేరు పెట్టి పొగడాలి, బిరుదులతో పొగడాలి, వీలైతే తండ్రిపేరుతో పొగడాలి. తిట్టు మాత్రం “కొందరు” అని తిట్టాలి. కొందరు కవులు చదవకుండానే రాస్తున్నారు. కొందరు కవులు అవార్డుల కోసం పైరవీలు చేస్తున్నారు. కొందరు కవుల పుస్తకాల్లో కాగితమే నాణ్యమైనది. ఈ మాటలు అన్నప్పుడు హాలంతా తలలూపుతుంది. ఎవరి తల వారు ఊపుతూ పక్కవాడి వైపు చూస్తారు. సిద్దిపేటలో అందరికన్నా ఎక్కువగా చర్చకు నోచుకున్న కవి ఈ కొందరే. ఆయన మాత్రం ఒక్క సమావేశానికైనా రాలేదు.

ఆహ్వానపత్రికలో చివరి అంశం ప్రతిసారీ ఒకటే: చర్చ, ప్రశ్నోత్తరాలు. ఆ అంశం దగ్గరకు రాగానే కార్యదర్శి మధుసూదన్ గడియారం చూసుకుంటాడు. విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు. బజారులో అందరిలాగే మాట్లాడినా మైకు చేతికి రాగానే మరో యుగానికి వెళ్లిపోతాడు.

“సహృదయులారా! ప్రశ్నలు అనంతములు, కాలము పరిమితము. హుస్నాబాదు బస్సు వేళ సమీపించినది.”

అంతే. ప్రశ్నలు మడుచుకుంటాయి, కుర్చీలు మడుచుకుంటాయి. హుస్నాబాద్ నుంచి వచ్చే సభ్యుడు ఒక్కడే, బుచ్చిరాములు. అతడు మోటారుసైకిలు కొనుక్కొని ఏళ్లు గడిచాయి. బస్సు వేళ మాత్రం తప్పలేదు.

ఇంత చక్కగా నడుస్తున్న సంస్థకు ఒక కరపత్రం వల్ల ముప్పు వచ్చింది.

వినాయక నిమజ్జనం అయింది, బతుకమ్మ ఇంకా రాలేదు. దుకాణం చూసుకునే కొడుకు వివేక్ పండుగ కరపత్రం రాయించి, ఒకటి తండ్రి చేతిలో పెట్టాడు.

“బాపూ, తప్పులున్నయేమో జర చూడు. నీకైతె తెలుస్తది.”

హరికిషన్ దాన్ని మడిచి జేబులో వేసుకున్నాడు. అదే జేబులో కొత్త కవిత కూడా ఉంది. సాయంత్రం సమితిలో చప్పట్లు మోగిన తరువాత లేచాడు. కాగితం తీశాడు. గొంతు సవరించుకున్నాడు. గొంతు సవరింపుకు కూడా ఎవరో “ఆహా” అన్నారు.

“ఒకటి కొంటే ఒకటి ఉచితం...”

“వాహ్వా!”

రెండో పాదం దగ్గర ఆయన చూపు ఆగింది. చేతిలో ఉన్నది కవిత కాదు. ఆపివుండవలసింది. కానీ అప్పటికే ముందు వరుస మెచ్చుకుంది, వెనుక వరుస తలూపింది, మధ్య వరుస కళ్లు మూసుకుంది. ఇప్పుడు ఆపితే ఇంతమంది పరువు ఏమవుతుంది? మెచ్చినవారి మర్యాద కాపాడటం కవి ధర్మం. అదే గొంతుతో, అదే విరుపుతో చదువుకుంటూ పోయాడు.

“పట్టుచీరల మీద ప్రత్యేక తగ్గింపు. చిన్నపిల్లల దుస్తులు లోపలి గదిలో. అమ్మిన వస్త్రములు తిరిగి తీసుకోబడవు. పార్కింగు సౌకర్యం కలదు.”

“కలదు!” అని హాలు వంతపాడింది.

మధుసూదన్ కళ్లు చెమర్చాయి. “పార్కింగు సౌకర్యము కలదు! నిలువ నీడలేని ఈ నవీన మానవునికి ఒకింత నిలుపుదల కలదని కవిశేఖరుడు ఇచ్చిన అభయము ఇది. ఈ కవితలో అంగడి ఉన్నది, అంగలార్పు ఉన్నది. కొందరు కవులు ఇటువంటివి వ్రాయగలరా?”

“రాయలేరు!” అన్నారు కొందరు.

వందన సమర్పణకు ఆ రోజు సంహితను లేపారు. డిగ్రీ కళాశాలలో గెస్ట్ లెక్చరరు, సమితిలో కొత్త సభ్యురాలు, మాట్లాడే ముందు మాటలన్నీ ఒకసారి లోపల లెక్కచూసుకునే అమ్మాయి. మెట్లెక్కేటప్పుడు దుకాణం ముందు ఆమె చేతిలోనూ, తప్పులు దిద్దకముందే అచ్చయిపోయిన అదే కరపత్రం ఒకటి పెట్టారు. కుర్చీలో కూర్చుని విసనకర్రగా ఊపుకుంటున్నది దాన్నే. ఆమె ఒకసారి కరపత్రం వైపు చూసింది, ఒకసారి కవి వైపు చూసింది. తరువాత అందరికీ ధన్యవాదాలు చెప్పి కూర్చుంది.

ఆ ఒక్క చూపు హరికిషన్‌కు గుచ్చుకుంది.

మరునాడు ఉదయం ఆయన మధుసూదన్ ఇంటికి వెళ్లాడు.

“మధుసూదన్ సారూ, నిన్న నేను చదివింది కవిత కాదు. మా పోరగాడు రాయించిన పాంప్లెటు.”

మధుసూదన్ చాయ్ కప్పు కింద పెట్టి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. “అన్నా, గంత పెద్ద కవిత రాసి పాంప్లెటంటున్నవ్. నీ వినయానికి ఏం చెప్పాలె నేను?”

“అరె, వినయం కాదు. నిజం. ఇగో, చూడు.” అచ్చయిన కరపత్రం చూపించాడు.

“అప్పుడే అచ్చేయించినవా? మంచి పని చేసినవ్. నీ సమగ్ర కవితా సంపుటిల ఆఖరి కవిత గిదే ఉండాలె. కిరీటం లెక్కుంటది.”

సంపుటి సంగతి అప్పటికే నిశ్చయమైంది. హరికిషన్ షష్టిపూర్తి సందర్భంగా ఆయన పుస్తకాలన్నిటినీ ఒక్క గ్రంథంగా వేయాలని సమితి తీర్మానించింది. తెచ్చిన తీర్మానాన్ని తెచ్చినట్టు ఆమోదించడం అక్కడ రివాజు. ఆదివారం సాయంత్రం దంపతులకు సన్మానం చేసి, అదే వేదిక మీద వ్రాతప్రతిని ప్రెస్సుకు అప్పగిస్తారు. ఆ తరువాత ఏది ఉంచాలో, ఏది తీయాలో ఆలోచించే పని ఎవరికీ ఉండదు.

హరికిషన్ ఇంటిదారి పట్టాడు. కోమటిచెరువు కట్ట మీద కాసేపు నిలబడ్డాడు. కరపత్రం కవిత అయినప్పుడు తన కవితలు ఏమయ్యాయి? రెంటికీ చప్పట్లు ఒక్క తీరుగానే పడ్డాయి. ఇన్నేళ్లూ తాను రాసినవాటిలో ఒక్కటైనా కవిత ఉందా? ఉంటే అది ఏది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు సమితిలో ఉండాలి. సమితి పెట్టింది అందుకే. కానీ ఎవరిని అడిగినా జవాబుకు బదులు శాలువా వచ్చేట్టుంది.

సంహితను దుకాణానికి పిలిపించాడు. ఆమె చీర కొనడానికి వచ్చినదానిలా గద్దె అంచున కూర్చుంది. ఎదుట పరిచిన గొల్లభామ చీర కొంగు మీద, నెత్తిన కుండతో నేసిన బొమ్మలు వరుసగా నిలబడి ఉన్నాయి.

“బిడ్డా, నువ్వు నా పుస్తకాలు చదివినవా?”

“చదివిన సార్. అన్నీ.”

హరికిషన్ ఉలిక్కిపడ్డాడు. ఆయన పుస్తకాలన్నీ చదివినవారు ఉంటారన్న ఆలోచన ఆయనకే ఎన్నడూ రాలేదు.

“అయితే చెప్పు. ఎట్లున్నయ్?”

ఆమె కొంగు మీద బొమ్మలను చూస్తూ మొదలుపెట్టింది. “కొందరు కవులు సార్...”

“గా కొందరు మన ఊరోళ్లు కాదు బిడ్డా. నా సంగతి చెప్పు.”

చాలాసేపు ఆమె మాట్లాడలేదు. ఆయన తొందర చేయలేదు. బహుశా ఆ దుకాణంలో జరిగిన మొదటి సాహిత్య చర్చ ఆ మౌనమే.

“మొదటి పుస్తకం మంచిగుంది సార్. నిజంగ మంచిగుంది. అండ్ల ఎవరో మీతోని కొట్లాడుతున్నట్టుంటది. మీరొక మాటంటరు, ఎవరో కాదంటరు, మీరు మళ్లొక మాట వెతుక్కుంటరు. గట్ల కవిత నడుస్తది. తర్వాత పుస్తకాలల్ల...” ఆమె ఆగింది. “తర్వాత మీరొక్కరే మాట్లాడుతున్నరు సార్. ఎవరూ ఏమంటలేరు.”

హరికిషన్ చీర మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు.

“పల్లె మీద ఒకటుంది సార్. ‘పల్లె నిద్రపోయింది అన్నాను, కాదన్నారు’ అని మొదలైతది. ఎవరు సార్ కాదన్నది?”

“అది... అదొక శైలి బిడ్డా. కవితా శైలి.”

“సరే సార్,” అంది సంహిత. నమ్మనిదానికి సరే అనడం ఆమె సమితిలోనే నేర్చుకుంది.

కాదన్నది ఎవరో హరికిషన్‌కు తెలుసు. ఆ మనిషి ఆ సమయానికి వంటింట్లో పుంటికూర తెంపుతోంది.

ఆమె పేరు ఈ ఊరి సాహిత్య చరిత్రలో ఎక్కడా లేదు. ఆహ్వానపత్రికల మీద “హరికిషన్ దంపతులు” అని ఉంటుంది. మైకులో “వారి సతీమణి” అని ఉంటుంది. దుకాణంలో సేటమ్మ. హరికిషన్ నోట పెళ్లయిన నాటి నుంచి “ఇగో”. కొడుకు పుట్టాక “వివేక్ అమ్మా”. భార్య భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెద్దలు చెప్పారు కనుక ఆమె పలకలేదు. భర్త భార్య పేరు పలికితే ఏమవుతుందో పెద్దలు చెప్పలేదు. ఆయన కూడా పలకలేదు. ముందుజాగ్రత్త కావచ్చు.

హరికిషన్ ఇంటికి వెళ్లి వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పూర్వం కూర్చునే చోటు అది. కాళ్లకు ఇంకా గుర్తున్నట్టుంది, వెతుక్కోకుండానే చేరాయి.

“ఇగో, ఒక కవిత రాసిన. ఇంటవా?”

“మంచిగుంది.”

“ఇంక చదవనే లేదు.”

“చదువుండ్రి మరి. మంచిగనే ఉంటది.”

హరికిషన్ కాగితం మడిచాడు. చప్పట్లు ముందే మోగుతున్నది పైహాలులో మాత్రమే అనుకున్నాడు ఇంతకాలం.

“మొదటి పుస్తకమప్పుడు గిట్ల అనకపోతుంటివి.”

“ఏమంటుంటి?”

“కాదంటుంటివి.”

ఆమె ఆకు తెంపడం ఆపలేదు. “పల్లె నిద్రపోయిందని రాసిన్రు. అందరు పంటె కుక్కలు ఎవల జూసి మొరిగినయ్, నీళ్ల కోసం బోరింగు కాడ కూసున్నదెవలు అని అడిగిన. రెండు దినాలు అలిగిన్రు. మల్ల దిద్దిన్రు. మంచిగైంది.”

“మరెందుకు బందు జేసినవ్?”

“యాదికి లేదా?”

ఉంది. కవిశేఖర బిరుదు వచ్చిన రోజు. ఇంటి నిండా మనుషులు. అందరి ముందు కొత్త కవిత చదివాడు. “నీ మౌనం హిమాలయం” అన్న పాదం వచ్చింది. తలుపు పక్క నుంచి ఆమె నవ్వి, “మౌనంగున్నోళ్లను ఎప్పుడన్న అడిగి చూసిన్రా, కొండ లెక్కున్నరా, కుండ లెక్కున్నరా అని?” అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కవిశేఖరునికి బిరుదు ఇంకా ఒంటికి అలవాటు పడలేదు, చురుక్కుమంది. “నీకేం తెలుసు? పోయి చాయ్ తీస్కరా” అన్నాడు. ఆమె వెళ్లి చాయ్ తెచ్చింది. ఆనాటి నుంచి ఆ తలుపు పక్క నుంచి చాయ్ మాత్రమే వచ్చింది.

“గది గప్పటి ముచ్చట,” అన్నాడు హరికిషన్. “గిప్పుడు చెప్పు. ఆదివారం పుస్తకం ప్రెస్సుకు పోతది. ఒక్కసారి అచ్చయినంక ఏమీ చెయ్యరాదు. ఏది ఉంచాలె, ఏది తియ్యాలె? పాంప్లెటు సుత పెడ్తరట అండ్ల.”

“పెట్టనియ్యుండ్రి. పార్కింగు ఉందని ఊరికి తెలుస్తది.”

“నవ్వుతవేంది? నాకు దుఃఖమొస్తున్నది. నువ్వొక్కదానివే నిజం చెప్పేది.”

ఆమె తలెత్తింది. అప్పుడు చేతులు ఆగాయి.

“నాకేం తెలుసని నలుగురి ముందట అన్నరు. గిప్పుడు వంటింట్లకొచ్చి చెవుల చెప్పుమంటున్రు. గట్లెట్ల చెప్తా? నలుగురి ముందట అన్నది నలుగురి ముందటనే అడగాలె.”

“సభలనా?”

“నేను సభకు రానా? ప్రతిసారి కుర్చేసి కూసోవెడ్తరు, శాలువ కప్పుతరు, దించుతరు. మన దుకాణంల చీర మీది గొల్లభామ సుత గట్లనే ఉంటది. కుండ వట్టుకొని నిలవడ్తది. ఆమెనెవలు ముచ్చటడుగుతరు?” ఆకుల గిన్నె పట్టుకుని లేచింది. “జరగుండ్రి. కూర పెట్టాలె.”

ఆదివారం వచ్చింది. హాలు నిండింది. గజ్వేల్ నుంచి, మిరుదొడ్డి నుంచి కవులు వచ్చారు. హుస్నాబాద్ నుంచి బుచ్చిరాములు వచ్చాడు. మెట్ల మీదికి ఎప్పటిలా చప్పట్లే ముందుగా దిగాయి. వేదిక మీద రెండు సింహాసనాల వంటి కుర్చీలు వేశారు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవి కావడం వల్ల వాటి వీపున రెండు గులాబీ హృదయాలు కూడా ఉన్నాయి.

“కవిశేఖర, సంవాద సార్వభౌమ శ్రీ హరికిషన్ గారు! వారి సతీమణి!”

శాలువాలు పడ్డాయి. దండలు పడ్డాయి. ఒక వక్త ఆయనను సముద్రంతో పోల్చాడు. మరొక వక్త సముద్రం చాలదన్నాడు. మూడో వక్త కొందరిని చీల్చి చెండాడాడు. ఆమె దండ బరువుకు మెడ వంచి, ఎదురుగా ఉన్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది. ఎర్ర రిబ్బను చుట్టిన వ్రాతప్రతి బల్ల మీద పళ్లెంలో ఉంది. దాని పక్కన పసుపు, కుంకుమ. ప్రెస్సు నుంచి వచ్చిన మనిషి చేతులు చాచి తయారుగా ఉన్నాడు.

హరికిషన్ మైకు అందుకున్నాడు. చప్పట్లు.

“పోయినసారి నేను చదివింది కవిత కాదు. మా దుకాణం పాంప్లెటు.”

మరిన్ని చప్పట్లు. “ఏమి నిరాడంబరత!” అన్నాడు మధుసూదన్.

“అరె, ఇనుండ్రి. గోడ మీద చూడుండ్రి, అద్దంల. ఒకలు అవునంటె ఒకలు కాదనాలె అని ఉంది. రాసింది నేనే. ఇన్నేండ్లల్ల నన్ను ఎవలన్న కాదన్నరా? ఇయ్యాల చర్చ జరగాలె. నా పుస్తకం మీద ప్రశ్నలడుగుండ్రి. అడిగినంకనే ఇది ప్రెస్సుకు పోవుడు.”

ఒకరిద్దరు అలవాటుగా చప్పట్లకు చేతులెత్తి, అక్కడ కొట్టవచ్చో లేదో తెలియక అలాగే ఉంచారు. మధుసూదన్ చెయ్యి దానంతటదే లేచి గడియారం చూపించింది.

“సహృదయులారా! ప్రశ్నలు అనంతములు. హుస్నాబాదు బస్సు వేళ...”

“నాకు బండుంది సార్,” అన్నాడు వెనుక వరుస నుంచి బుచ్చిరాములు.

“ఏమంటివి?”

“బండి సార్. మోటరుసైకిలు. ఎప్పటి సందో ఉంది.”

“మరి ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న చెప్పకపోతివేందయ్యా?” యుగాలు దాటి మధుసూదన్ బజారు భాషలోకి వచ్చి పడ్డాడు.

“ఎవలడిగిన్రు సార్?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సందులోంచి ఒక చెయ్యి లేచింది. మూడో వరుసలో సంహిత. లేచిన చెయ్యిని దింపుకుందామని చూసింది. కానీ అప్పటికి అందరూ చూసేశారు.

“సార్, మీ మొదటి పుస్తకంల... పల్లె కవితల...” మాటలు ఇంకోసారి లోపల లెక్కచూసుకుని మళ్లీ అంది. “‘కాదన్నారు’ అని ఉంది సార్. ఎవరన్నరు?”

సమితి చరిత్రలో అది తొలి ప్రశ్న. దానికి చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు.

హరికిషన్ మైకు దగ్గరకు వంగాడు. “కొందరు...” అన్నాడు.

ఆ మాట వెంటే హాలులోని తలలన్నీ అలవాటుగా ఊగబోయాయి. ఆయన ఆగిపోయాడు. వాటిని చూశాడు. బల్ల మీది పళ్లెం వైపు, రిబ్బను వైపు చూశాడు. పక్క కుర్చీ వైపు తిరిగాడు.

“ఇగో,” అన్నాడు మైకులో.

ముందు వరుసలో కూర్చున్న కవుల భార్యలంతా ఒక్కసారి తలెత్తారు. ఆయన భార్య మాత్రం ఎత్తలేదు. ఫ్యాను వైపే చూస్తూ ఉంది.

“వివేక్ అమ్మా.”

“వివేక్ గాడ ద్వారం కాడున్నడు,” అంది ఆమె. మైకు లేకపోయినా చివరి వరుస దాకా వినిపించింది. “ఏమన్న పనుంటె ఆణ్ని పిలువుండ్రి.”

వివేక్ ద్వారం దగ్గర సగం లేచి, తల్లి ముఖం చూసి కూర్చుండిపోయాడు. మధుసూదన్ సర్దిచెప్పబోయాడు. “సతీమణి గారు చమత్కారముగా...”

“సారూ, జర ఆగు,” అన్నాడు హరికిషన్.

ఆయన మెడలోని దండ తీసి బల్ల మీద పెట్టాడు. వ్రాతప్రతిని పళ్లెంలోంచి తీసుకున్నాడు. రిబ్బను ముడి వేళ్లకు లొంగలేదు. పళ్లతో విప్పాడు. ప్రెస్సు మనిషి చాచిన చేతులు దించుకున్నాడు. కాగితాల బొత్తిని రెండు చేతులా పట్టుకుని ఆమె కుర్చీ ఎదుట నిలబడ్డాడు. మైకు ఎంత దూరమైనా పట్టేట్టుంది. ఆయన ఊపిరి కూడా హాలంతా వినబడుతోంది.

“కాదన్నది గీమెనే బిడ్డా,” అన్నాడు, సంహిత వైపు చూడకుండానే. “మొదటి పుస్తకం మొత్తం గీమెతోని కొట్లాడి రాసిందే. తర్వాత నేనే నోరు మూయించిన. ఇండ్ల ఏది ఉంచాలె, ఏది తియ్యాలె, గీమెనే చెప్పాలె.”

ఆమె అప్పుడు ఫ్యాను మీద నుంచి చూపు దించింది. కాగితాల వైపు చూసింది. తరువాత ఆయన వైపు చూసింది. చెయ్యి మాత్రం చాచలేదు.

“గీమె అంటె ఎవలు?” అంది. “గిక్కడ మస్తుమంది ఉన్నరు. ఎవలనడుగుతున్రు?”

హరికిషన్ నోరు తెరిచాడు. బిరుదులు, సమాసాలు, సంబోధనలు ఎన్నో పలికిన నోరు అది. మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. ఏదో వస్తుందని హాలు ఎదురుచూసింది. మొట్టమొదటిసారి, చప్పట్లు కొట్టకుండా, వినడానికి ఎదురుచూసింది.

“ప్రమీలా.”